సుషిరవాద్యముల లోపలి ఆకృతి

మన పూర్వులు వాద్యములను నాలుగు తెగలుగా విభజించినారు. తంత్రులు గలవి తతములు, చర్మము కప్పినవి అవనద్ధములు, తాళముల వంటివి ఘనములు, గాలితో మ్రోగునవి సుషిరములు. ఈ విభాగము భరతుని నాట్యశాస్త్రమునందే కలదు. నాలుగవ పేరును మేము ఎన్నోసారులు చదివినాము గాని, దాని అర్థమును గూర్చి ఎన్నడును ఆలోచించలేదు. సుషిరమనగా రంధ్రము, బోలు. తక్కిన మూడింటికి కంటికి కనబడు వస్తువును బట్టి పేరు వచ్చినది. దీనికి మాత్రము కొయ్యను బట్టి గాక, కొయ్య లేని చోటును బట్టి పేరు వచ్చినది. ఆ పేరు ఎంత సరియైనదో మాకు తెలిసివచ్చుటకు ఒక పాత సన్నాయి పగులవలసి వచ్చినది.

మా కళాశాలలో చదువుచున్న ఒక విద్యార్థి తాతగారు సన్నాయి విద్వాంసులు. తెలుగు నేలమీద, ముఖ్యముగా ప్రకాశం, గుంటూరు ప్రాంతములలో, ముస్లిం కుటుంబములవారు తరతరములుగా నాదస్వరమును అభ్యసించుట మన పాఠకులకు తెలియని విషయము కాదు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించి, శ్రీరంగములో స్థిరపడి, 1977లో పద్మశ్రీని, 1998లో సంగీత కళానిధి బిరుదమును పొందిన షేక్ చిన మౌలానా గారు ఈ సంప్రదాయమునకు చెందినవారే. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులను 2020లో పద్మశ్రీ వరించినది. మేము చెప్పుచున్న తాతగారికి బిరుదములు లేవు. చుట్టుప్రక్కల గ్రామములలో పెండ్లిండ్లకు, దేవాలయ ఉత్సవములకు వాయించి జీవించువారు. ఒక వేసవిలో ఆయన సన్నాయి నిలువునా పగిలినది. అతికించి చూచినారు, నిలువలేదు. దూరము పోయి క్రొత్తది కొనుటకు చేతిలో సొమ్ము లేదు. పెండ్లి ముహూర్తములు ఎదుట ఉన్నవి.

అప్పుడు మనుమడు ఆ సన్నాయిని పట్టణములో తరిమెన పట్టు ఒక మేస్త్రి వద్దకు తీసికొనిపోయినాడు. మేస్త్రి పనిమంతుడు. వెలుపలి కొలతలన్నియు కాలిపర్సుతో తీసికొని, రంధ్రముల మధ్య దూరములను గీతలు పెట్టుకొని, వారము దినములలో అచ్చముగా అటువంటిదే తయారుచేసినాడు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టిన ఏది పాతదో పగులును బట్టియే పోల్చుకొనవలెను. తాతగారు తన సీవాళిని (రెల్లుతో చేసిన పీకను) దానికి తొడిగి ఊదినారు. వెంటనే దింపి, "బాబూ, ఇది సన్నాయి కాదు, గొట్టం" అన్నారు.

మనుమడు ఆ రెండింటిని మా భౌతికశాస్త్ర ప్రయోగశాలకు తెచ్చినాడు. మేము మొదట కొయ్యను అనుమానించినాము. తరువాత పీకను అనుమానించినాము. పీక అదే, ఊదినవారు వారే. మేస్త్రిని పిలిపించి అడుగగా అసలు సంగతి బయటపడినది. పైకొనకు సరిపోవు పొడవైన బరమా ఆయన వద్ద ఒకటియే ఉన్నది. దానితో పైనుండి క్రిందివరకు ఒకే వెడల్పున తొలిచినాడు. "లోపల ఎవరు చూస్తారు సార్?" అని ఆయన అడిగిన ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

గొట్టము మ్రోగుట అనగా దానిలోని వాయుస్తంభము మ్రోగుట. పెదవులు గాని, పీక గాని కదిలించిన గాలి పీడన తరంగమై గొట్టములో క్రిందికి పోయి, తెరచిన కొన వద్ద పరావర్తనము చెంది, మరల పైకి వచ్చును. పోవు తరంగము, వచ్చు తరంగము కలిసి స్థిర తరంగము ఏర్పడును. తెరచిన కొన వద్ద గాలి వెలుపలి వాతావరణముతో కలియుచున్నది గనుక అక్కడ పీడనము మారదు. మూసిన కొన వద్ద పీడనము మిక్కిలి ఎక్కువగా మారును. ఇంతవరకు ఇంటర్మీడియెట్ పుస్తకములలో ఉన్నదే. రెండు కొనలును తెరచిన గొట్టములో ప్రాథమిక స్వరమునకు 2, 3, 4 రెట్లు పౌనఃపున్యము గల అనుస్వరములన్నియు వచ్చును. ఒక కొన మూసిన గొట్టములో 3, 5, 7 రెట్లు గల బేసి అనుస్వరములు మాత్రమే వచ్చును. పైగా దాని ప్రాథమిక స్వరము, అదే పొడవుగల తెరచిన గొట్టపు స్వరములో సగము పౌనఃపున్యము గలదై, ఒక స్థాయి క్రిందుగా పలుకును.

ఈ సూత్రములను మేము అనునాద నాళిక వద్ద, శ్రుతిదండమును చేతబట్టి ఎన్నోమారులు సరిచూచినాము. కాని ఆ నాళికకును పెండ్లి పందిటికిని సంబంధమున్నదని మాకు తోచలేదు. సంగీత భాషలో చెప్పవలెనన్న, రెండవ అనుస్వరము తారస్థాయి షడ్జము, మూడవది తారస్థాయి పంచమము. పిల్లనగ్రోవిని మెల్లగా ఊదిన మధ్యస్థాయి షడ్జము పలికి, కొంచెము బిగించి ఊదిన అదే వ్రేళ్లతో తారస్థాయి షడ్జము పలుకును. పిల్లనగ్రోవి రెండు వైపుల తెరచిన గొట్టము. ఊదు రంధ్రమే దాని రెండవ ద్వారము. బ్యాండు మేళములోని క్లారినెట్టు అట్లు కాదు. దాని పీక వద్ద పీడనము ఎక్కువగా మారుచుండును గనుక ఆ కొన మూసినట్లే. కావున బిగించి ఊదిన షడ్జమును దాటి తారస్థాయి పంచమమునకు ఎగురును. నడుమ గల స్వరములను నింపుటకే దానికి అన్ని మీటలు అమర్చినారు. పాశ్చాత్య ఫ్లూటు, క్లారినెట్టు ఇంచుమించు ఒకే పొడవు గలవి. కాని ఫ్లూటు అతి మంద్రస్వరము సుమారు 262 హెర్ట్జులు కాగా, క్లారినెట్టుది సుమారు 147 హెర్ట్జులు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చును. సన్నాయికిని పీక ఉన్నది. పీక ఉన్న కొన మూసిన కొనయైనచో, సన్నాయియు క్లారినెట్టు వలె పంచమమునకు ఎగురవలెను గదా! కాని సన్నాయి, ఉత్తరాది షహనాయి, పాశ్చాత్యుల ఓబో, ఇవన్నియు బిగించి ఊదిన తారస్థాయి షడ్జమునే పలుకును. ఓబో పొడవు క్లారినెట్టుకు దగ్గరగానే ఉన్నను దాని అతి మంద్రస్వరము సుమారు 233 హెర్ట్జులు. అనగా పీకతో మూసిన గొట్టము తెరచిన గొట్టమువలె ప్రవర్తించుచున్నది. ఇది ఎట్లు?

క్లారినెట్టు లోపలి బోలు చాలవరకు స్థూపాకారము. సన్నాయి, షహనాయి, ఓబోల లోపలి బోలు శంకువు. పీక వద్ద సన్నగా మొదలై క్రిందికి పోవుకొలది విశాలమగును. శంకువులో పైకి పోవు తరంగము ఇరుకగుచున్న చోటులోనికి పోవుచున్నది గనుక దాని పీడనము అంతకంతకు పెరుగును. శంకువు కొనకు ఎంత దగ్గరైన అంత ఎక్కువ. ఇప్పుడు పీడనమును, కొననుండి గల దూరముచే గుణించి చూడుడు. ఆ గుణకారఫలము నిలువు గొట్టములోని పీడనమువలెనే నడచునని గణితము చెప్పుచున్నది. క్రింది తెరచిన కొన వద్ద పీడనము సున్న గనుక ఫలము సున్న. పై కొన వద్ద దూరమే సున్న గనుక అక్కడను ఫలము సున్నయే. రెండు కొనలయందును సున్న యగుట తెరచిన గొట్టపు లక్షణము. కావున శంకువులో అనుస్వరములన్నియు వచ్చును. అయినను కొన వద్ద నిజమైన పీడనము మిక్కిలి ఎక్కువగా మారుచునే యుండును గనుక పీక హాయిగా పనిచేయును. ఈ ఒక్క మెట్టు అర్థమైన రోజున మా తరగతిలో కలిగిన సంతోషము పరీక్షా ఫలితముల నాడు కూడ కలుగలేదని చెప్పిన అతిశయోక్తి కాదు. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన తన గ్రంథములో క్లారినెట్టుకు, ఓబోకు గల ఈ భేదమును చర్చించియున్నాడు.

మేస్త్రి చేసిన సన్నాయి ఎందుకు చెడినదో ఇప్పుడు స్పష్టము. వెలుపల సన్నాయి, లోపల క్లారినెట్టు. మేము పరీక్షింపగా దాని మంద్రస్వరము పాతదానికంటె ఇంచుమించు ఒక స్థాయి క్రిందుగా పలికినది. బిగించి ఊదిన షడ్జము రాక పంచమము వచ్చినది. వ్రేళ్ల రంధ్రములు శంకువు కొరకు పెట్టిన చోట్ల ఉన్నవి గనుక ఏ రాగమును పలుకలేదు.

దీనికి చరిత్రలో ఒక చక్కని దృష్టాంతమున్నది. బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ క్లారినెట్టు పీక వంటి పీకనే శంక్వాకారపు ఇత్తడి గొట్టమునకు అమర్చి, 1846లో సాక్సఫోనుపై పేటెంటు పొందినాడు. పీక క్లారినెట్టుది, ప్రవర్తన ఓబోది. బిగించి ఊదిన తారస్థాయి షడ్జమే వచ్చును. దీనికి విపర్యయముగా ఆర్మేనియా దేశపు దుదుక్ అను వాద్యమునకు సన్నాయి వలె జోడు రెల్లు పీక కలదు గాని, లోపల స్థూపాకారము. దాని గొంతు మెత్తన, పొట్టి గొట్టమైనను మంద్రము. పీకను మార్చినందువలన గాక, బోలును మార్చినందువలన జాతి మారుచున్నది.

మా ఉర్దూ శాఖ మిత్రులు ఈ సందర్భమున ఒక ప్రశ్న వేసినారు. మౌలానా రూమీ మస్నవీ నయ్ అను వేణువు విలాపముతో ప్రారంభమగును గదా, ఆ నయ్, ఈ షహనాయిలోని నాయి ఒకటియేనా అని. మాట ఒకటియే కావచ్చును గాని వాద్యము వేరు. నయ్ రెల్లు గడను కోసి, కణుపులను తొలిచి చేసినది. రెండు వైపుల తెరచినది, లోపల ఇంచుమించు స్థూపము. అందులో పీక లేదు. పెదవినుండి వచ్చు గాలి గొట్టపు అంచునకు తగిలి చీలును. షహనాయి శంకువు. అందుచేత ఒకటి ఏకాంతమునకు, మరియొకటి ఊరేగింపునకు తగియున్నవి.

ఊరేగింపు మాట ఊరక అనలేదు. శంకువు క్రమముగా విశాలమగుచు గరాటువంటి క్రింది భాగముతో ముగియుటవలన ధ్వనిశక్తి వెలుపలికి సులభముగా ప్రసరించును. ముఖ్యముగా పై అనుస్వరములు బలముగా వినబడును. మన చెవి ఆ పౌనఃపున్యములను ఎక్కువ తీక్ష్ణముగా గ్రహించును గనుక నాలుగు వీధుల అవతలికి కూడ సన్నాయి వినవచ్చును. గాలి ఒత్తిడిని, పెదవుల పట్టును మార్చుటచేతనే స్వరమును కొంచెము పైకి, క్రిందికి వంచుటకు ఇది అనుకూలమైన వాద్యము. నాదస్వరములోని గమకముల సొంపునకు ఇది ఒక కారణము.

ఆకృతి అనగా శంకువా, స్థూపమా అను ఒక్క విషయముతో తీరునది కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరవాసి తియోబాల్డ్ బోయెమ్ జీవితము దీనికి సాక్ష్యము. ఆయన స్వర్ణకారుడు, ఫ్లూటు విద్వాంసుడు. ఆ కాలపు ఫ్లూటులో తల భాగము స్థూపము. తక్కిన భాగము క్రిందికి పోవుకొలది సన్నగిల్లు శంకువు. 1832లో ఆయన మీటలను సంస్కరించినాడు గాని బోలును మార్చలేదు. తృప్తి కలుగక ధ్వనిశాస్త్రమును అభ్యసించి, 1847లో మొత్తమును తలక్రిందులు చేసినాడు. శరీరమును 19 మిల్లీమీటర్ల స్థూపముగా చేసి, తల భాగమును బిరడా వైపు సుమారు 17 మిల్లీమీటర్లకు సన్నగించినాడు. రెండు మిల్లీమీటర్ల భేదము! పూర్తిగా నిలువైన గొట్టములో పై స్థాయి స్వరములు క్రమముగా దిగిపోవును. ఆ సన్నదనము దానిని సరిచేయును. పాశ్చాత్య ఫ్లూటు నేటికిని ప్రధానముగా ఆ ఆకృతిలోనే ఉన్నది. మన వెదురు వేణువునకు ఇట్టి సవరణ లేదు. విద్వాంసుని పెదవియే ఆ రెండు మిల్లీమీటర్ల పని చేయవలెను.

ఇంత చిన్న భేదము ఇంత పని చేయుటకు కారణము 1877లో ధ్వనిశాస్త్రముపై మహాగ్రంథమును వెలువరించిన రేలీ ప్రభువు సిద్ధాంతములో దొరకును. గొట్టములో పీడనము ఎక్కువగా మారుచున్న తావున బోలును వెడల్పు చేసిన స్వరము దిగును. పీడనము మారని తావున వెడల్పు చేసిన స్వరము హెచ్చును. ఒక్కొక్క అనుస్వరమునకు ఆ తావులు వేరు. కావున ఒకచోట కొంచెము కొయ్య ఎక్కువగా గీచిన మధ్యస్థాయి షడ్జము బాగుండి తారస్థాయి షడ్జము అపశ్రుతి కావచ్చును.

శంకువునకు మరియొక బాధ కలదు. నిజమైన కొన వరకు శంకువును చేయలేము. అక్కడ పీకను పెట్టవలెను. కోల్పోయిన ఆ కొన ఎంత గాలిని పట్టునో, పీకయు దానిని తొడుగు చిన్న లోహపు గొట్టమును కలిసి అంత గాలికి సమానమైనట్లు ప్రవర్తించవలెను. లేనిచో రెండు స్థాయిల మధ్య పొందిక చెడును. అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు ఆర్థర్ బెనేడ్ 1976లో ప్రకటించిన పుస్తకములో దీనిని విపులముగా వివరించినాడు. మన సన్నాయి విద్వాంసులు వాద్యమునకు అరడజను సీవాళులు వ్రేలాడదీసికొని కూర్చుండుట, ఒకటి తీసి ఒకటి తొడుగుట, దానిని నొక్కి చూచుట మేమందరము చూచినదే. అలంకారమని అనుకొన్నాము. అది శంకువు కొనను వెదకుటయే.

మరి కొయ్య మాటేమి? 1971లో జాన్ కోల్ట్‌మన్ అను శాస్త్రజ్ఞుడు వెండి, రాగి, కొయ్యలతో లోపలి కొలతలు ఒకటిగానున్న మూడు వేణువులను చేయించి, శ్రోతలకు కనబడకుండ వాయించి చూపినాడు. వారు వాటిని వేరుపరచలేకపోయినారు. ఇది వినగానే తాతగారు నవ్వినారు. మా అభిప్రాయములో ఇద్దరును సత్యమునే చెప్పుచున్నారు. తంజావూరు ప్రాంతపు నరసింగంపేట శిల్పులు నాదస్వరమునకు ఆచ్ఛా కొయ్యను (దీనినే మనవైపు నారేపి అందురు), అందును పాత ఇండ్లనుండి తీసిన ఎండిన దూలములను వాడుదురు. పచ్చి కొయ్య ఎండుచు ముడుచుకొనును. అప్పుడు లోపలి శంకువు వంకర పోవును. కొయ్య స్వయముగా పాడదు గాని, ఆకృతిని నిలుపును. ఆ ఊరి రంగనాథన్ ఆచారి గారే టి.ఎన్. రాజరత్నం పిళ్లె గారి కొరకు పొడవైన, శ్రుతి తగ్గిన నాదస్వరమును రూపొందించిన శిల్పి. వారి వాద్యమునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. పొట్టిదైన తిమిరి, పొడవైన బారి అను రెండింటిలో నేటి కచేరీలలో వినబడునది బారియే.

ఇక మా పని. పగిలిన సన్నాయి లోపలి కొలతలు తీయవలెను. ప్రయోగశాలలో దానికి తగిన సాధనము లేదు. విద్యార్థులు దళసరి అట్టతో అరమిల్లీమీటరు తేడాతో వరుసగా బిళ్లలు కత్తిరించినారు. ఒక్కొక్క బిళ్లను సైకిలు చువ్వ కొనకు గ్రుచ్చి, క్రిందివైపునుండి లోపలికి పంపి, ఎక్కడ ఆగినదో ఆ లోతును వ్రాసికొన్నారు. రెండు సాయంకాలములు పట్టినది. గ్రాఫు కాగితముపై గీచి చూడగా, మేమూహించినట్లు ఒకే సరళరేఖ రాలేదు. పై భాగమున కొంచెము నిటారుగా, నడుమ ఒకచోట వంగి, క్రింద మరల తెరచుకొన్నది. చేసిన శిల్పి ఎవరో మాకు తెలియదు. ఆ వంపు పొరపాటో, ప్రయత్నమో కూడ మొదట తెలియలేదు. "అది ఉండనివ్వండి" అని తాతగారు మాత్రము గట్టిగా చెప్పినారు.

మేస్త్రి ఈసారి నాలుగు బరమాలు సంపాదించి, క్రిందినుండి మెట్లుమెట్లుగా, వెడల్పైనది తక్కువ లోతునకు, సన్ననిది ఎక్కువ లోతునకు తొలిచినాడు. తరువాత మా గ్రాఫు ప్రకారము ఒక ఉక్కు పలకను అరగదీసి, దానిని లోపల త్రిప్పి మెట్లను చెరిపినాడు. ఆ కూలి ఆయన తీసికొనలేదు. మొదటి కొయ్య తనవలన పాడైనదని అన్నాడు.

ప్రయోగశాల వరండాలో తాతగారు దానికి సీవాళి తొడిగినారు. మొదటి పీక కుదరలేదు. రెండవదియు లేదు. మూడవదానితో మధ్యస్థాయి షడ్జము పలికినది. ఆయన బుగ్గలు బిగించినారు. తారస్థాయి షడ్జము పలికినది. క్రింది అదనపు రంధ్రములలో ఒకదానికి మైనము పెట్టి, మరియొకదానిని తెరచి, కొంతసేపు మోహనమును ఆలాపించినారు. తరగతులు నడుచుచున్న సమయమని ఎవరికిని గుర్తులేదు. కళాశాల సంఘమువారు మన్నింతురు గాక.

ఆ సన్నాయితోనే ఆయన ఆ యేటి పెండ్లిండ్లు వాయించినారు. తారస్థాయిలో దైవతము, నిషాదము మాత్రము ఇప్పటికిని కొంచెము దిగియున్నవి. గ్రాఫులో ఆ వంపు ఉన్న చోటనే మేస్త్రి పలక ఎక్కువ గీచినట్లు మా అనుమానము. డిగ్రీ మూడవ సంవత్సరపు విద్యార్థులు అట్ట బిళ్లలతో క్రొత్తదాని లోపలి కొలతలు తీయుచున్నారు.